వంగపండు ప్రసాదరావు: ముందు నడచిన పాట, వెనుక మిగిలిన పేరు

కొన్నేండ్ల క్రిందట పార్వతీపురము పరిసరములలోని ఒక పల్లెలో గ్రామదేవత పండుగ చూచుటకు పోయి ఉంటిని. దీపాలవేళ దాటిన పిమ్మట కుర్రవాండ్రు పదిమంది వలయముగా నిలిచి పాట అందుకొన్నారు. ఒకడు పల్లవి ఎత్తుకొనును. తక్కినవారు వంత అందింతురు. ఆ పాట 'ఏం పిల్లడో ఎల్దమొస్తవ'. నా ప్రక్కన అరుగుమీద కూర్చున్న ముసలాయనను ఈ పాట ఎవరు కట్టినారని అడిగితిని. "ఎవులు కట్టారో ఏటి బాబూ, మా తాతలనాటి పాట" అని ఆయన సమాధానము. ఆ పాట కట్టిన వ్యక్తి అప్పటికి అక్కడికి కొలది మైళ్ళ దూరములో సజీవులై ఉన్నారు. వయసులో ఆ ముసలాయనకంటె చిన్నవారు కూడ!

కవికి ఇంతకు మించిన గౌరవము లేదని కొందరందురు. పాట కట్టినవాని జీవితకాలములోనే అది 'తాతలనాటి పాట' అగుట సామాన్య విషయము కాదు, నిజమే. కాని ఆ గౌరవములో ఒక అన్యాయము కూడ దాగి ఉన్నది. పాట లోకమంతయు తిరిగినది. పేరు ఊరి పొలిమేరలో నిలిచిపోయినది. వంగపండు ప్రసాదరావుగారి జీవితకథను చెప్పుకొనుటకు ఇదియే తగిన ద్వారమని నాకు తోచుచున్నది.

ఆయన 1943 జూన్ నెలలో పార్వతీపురము దాపున గల పెదబొండపల్లి గ్రామములో జన్మించినారు. తండ్రి జగన్నాథము, తల్లి చినతల్లి. ఆయన పుట్టిననాడు ఆ ఊరు మదరాసు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాలో ఉండెను. 1950లో శ్రీకాకుళము జిల్లా ఏర్పడగా అందులో చేరినది. 1979లో విజయనగరము జిల్లా వెలసినప్పుడు ఇందులోనికి వచ్చినది. ఆయన కన్నుమూసిన తరువాత, 2022లో, పార్వతీపురము మన్యము జిల్లాలో భాగమైనది. ఊరు కదలలేదు, జిల్లాలే దానిమీదుగా నడచిపోయినవి. కనుక ఆయనను శ్రీకాకుళమువారనుట, విజయనగరమువారనుట రెండును సత్యములే. ఉభయ జిల్లాలవారును ఆయన మావాడనుటలో తగవులాడ పనిలేదు.

ఆ నేల ఎట్టిదో తెలియనిచో ఆ గొంతు తెలియదు. ఒకవైపు నాగావళి పారు మైదానము. మరియొకవైపు సవరలు, జాతాపులు కాపురముండు కొండలు. కొండమీదివారు చింతపండు, అడ్డాకులు, కందులు తెచ్చి సంతలో దింపుదురు. క్రిందివారు ఉప్పు, బట్టలు, అప్పు ఇత్తురు. ఈ రాకపోకలలో సరకులతోపాటు పాటలు కూడ చేతులు మారినవి. మైదానపు పల్లెలలో జముకులకథ, తప్పెటగుళ్ళు ప్రధానమైన కళారూపములు. జముకు చూచుటకు చిన్న వాద్యమే. గుల్లగా ఉన్న కుంచమువంటి పాత్రకు ఒకవైపు తోలు మూసి, ఆ తోలు నడుమనుండి ఒక తీగ లాగి, దాని కొసను చిన్న పుల్లకు కట్టుదురు. తీగను బిగించి, సడలించి మీటినచో ధ్వని మనిషి గొంతువలె ఎగసి దిగును. ఆ ధ్వని వెంట గ్రామదేవతల కథలు రాత్రి తెల్లవార్లు సాగును. తప్పెటగుళ్ళలో రేకుతో చేసిన గుండ్రని తప్పెటను రొమ్మునకు కట్టుకొని, రెండు చేతులతో వాయించుచు, ఎగిరి దుముకుచు పాడుదురు. అది ముఖ్యముగా యాదవుల కళ. నిలుచుండి పాడుట, కూర్చుండి పాడుట ఆ ప్రాంతపు పల్లెవాని స్వభావములో లేదు. పాటయనిన కాలు కదలవలసినదే.

ఇచ్చట మరియొక సంగతి జ్ఞప్తికి వచ్చుచున్నది. హరికథా పితామహులని పేరుపడిన ఆదిభట్ల నారాయణదాసుగారు 1864లో జన్మించిన అజ్జాడ గ్రామము కూడ ఈ ప్రాంతములోనిదే. విజయనగరములో 1919లో మహారాజావారి సంగీత కళాశాల ఏర్పడగా దానికి ఆయనయే ప్రథమాధ్యక్షులు. ఆయనయు కాలికి గజ్జెకట్టి సభను ఊపినవారే. నారాయణదాసుగారి గజ్జె సంస్థానములలో మ్రోగినది. వంగపండువారి గజ్జె పొలము గట్లమీదను, కర్మాగారపు ద్వారములయొద్దను మ్రోగినది. ఇద్దరి విద్యయు వేరు, విశ్వాసములు వేరు. అయినను సభకు కథ చెప్పువాడు ఒళ్ళంతయు నోరు కావలెనను రహస్యము ఇద్దరికిని ఆ మట్టియే నేర్పినదని నా ఊహ.

పాట పాడి కష్టములు కొనితెచ్చుకొన్నవారు కూడ ఆ ప్రాంతమునకు క్రొత్త కాదు. 1893లో నరసన్నపేట దగ్గరి గోనెపాడులో పుట్టిన గరిమెళ్ళ సత్యనారాయణగారు 'మాకొద్దీ తెల్లదొరతనము' పాటకు చెరసాల ననుభవించిన సంగతి పెద్దలకు తెలియును. ఆ పాట తెలుగుదేశమంతయు మారుమ్రోగినది. దానిని కట్టినవారు 1952లో మదరాసులో దారిద్ర్యమున కన్నుమూసినారు. శ్రీకాకుళపు నేలకు ఇది ఒక అలవాటుగా మారినదేమో అనిపించును.

ప్రసాదరావుగారికి పాట వృత్తిగా రాలేదు. విశాఖపట్టణములోని నౌకానిర్మాణశాలలో ఆయన ఫిట్టరుగా పనిచేసినారు. 1941లో వాల్‌చంద్ హీరాచంద్‌గారి సింధియా సంస్థ పునాది వేసిన శాల అది. 1948లో 'జల ఉష' అను ఓడను నెహ్రూగారు నీటిలోనికి వదలినదియు అచ్చటనే. నాగలి, ఏతము, పలుగు, పార ఎరిగిన పల్లె బిడ్డ అచ్చట ఇనుపరేకుల నడుమ, సుత్తి దెబ్బల నడుమ నిలుచున్నాడు. పల్లెపాటలు కట్టువారు పొలముపనిని పాడుట వింత కాదు. మరమేకు బిగించు చేయి పాట కట్టుట మాత్రము అప్పటికి తెలుగులో అరుదు.

ఆయన పాటలలో 'యంత్రమెట్లా నడుస్తు ఉందంటే' అనునది పుట్టుటకు ఆ అనుభవము ఉపకరించియుండునని నేననుకొందును. యంత్రము ఎట్లు నడచుచున్నదని ప్రశ్న వేసి, దానికి మూలము శ్రామికుని రెక్కల కష్టమేనని పాట తేల్చును. భావము క్రొత్తది కాదు; ప్రపంచమందలి కార్మికగేయములు చాల ఈ మాటయే చెప్పినవి. కాని ఈ పాట వినువానికి ఉపన్యాసమువలె తోచదు. పిల్లవాడు గడియారమును విప్పి చూచినట్లు, ఒక్కొక్క భాగమును విప్పి చూపినట్లు ఉండును. ఈ పాట అన్యభాషలలోనికి కూడ పోయినది. ఆయన కట్టిన మూడువందలకు పైబడిన పాటలలో ఇంకను కొన్ని ఇట్లే ఇరుగుపొరుగు భాషలకు అందినవి.

ఆయన గొంతును మలచిన మరియొక శక్తి, 1960ల చివర శ్రీకాకుళపు కొండలలో రేగిన గిరిజనోద్యమము. అప్పులు, భూముల అన్యాక్రాంతము, వెట్టి మొదలగు బాధలు చిరకాలముగా అచ్చట పేరుకొనియున్నవి. 1967 అక్టోబరు 31న మొండెంఖల్‌లోని గిరిజన సభకు పోవుచున్నవారిపై లేవిడి వద్ద భూస్వాముల పక్షమువారు కాల్పులు జరుపగా కోరన్న, మంగన్న అను ఇద్దరు గిరిజనులు మరణించినారు. పిమ్మట ఉద్యమము సాయుధమైనది. ప్రభుత్వము దానిని అణచినది. 1970 నాటికి దాని ముఖ్య నాయకులు హతులైనారు. ఆ మార్గపు మంచిచెడుగుల విచారణకు ఈ వ్యాసము చోటు కాదు. పాట విషయములో మాత్రము దాని ప్రభావమును త్రోసిపుచ్చుటకు వీలులేదు. బొడ్డపాడులో దేవాలయపు అర్చకుడైన సుబ్బారావు పాణిగ్రాహిగారు దేవతల కథలు పలికిన జముకుచేత రైతుల కథ పలికించినారు. 1969 డిసెంబరులో ప్రాణములు కోల్పోయినారు. జముకులకథకు గ్రామదేవతయే కాక గ్రామము కూడ వస్తువు కాగలదని ఆ ప్రాంతపు యువకులు ఆయనవలన తెలిసికొన్నారు.

ఆ యువకులలో ప్రసాదరావుగారొకరు. 1972లో రూపుదిద్దుకొన్న జననాట్యమండలిలో ఆయన గద్దరుగారితో కలిసి ప్రధాన పాత్ర వహించినారు. ఒకరిది మెదకు ప్రాంతపు గొంతు, ఒకరిది కళింగపు గొంతు. తెలంగాణపు యాస, ఉత్తరాంధ్రపు యాస ఒకే వేదికమీద ఒకదానికొకటి వంత పాడుట అంతకు మునుపు తెలుగువారు విరివిగా విన్నది కాదు. పత్రికలలో, పాఠ్యపుస్తకములలో చోటు దొరకని రెండు యాసలు అవి. నాటకములలో నౌకరు పాత్రకు, హాస్యగాని పాత్రకు మాత్రమే అవి పనికివచ్చునని అనుకొనిన కాలము మనలో పెక్కుమంది ఎరిగినదే.

ఇప్పుడు ఆ పల్లవి సంగతి. 'ఎల్దము' అను మాట 'వెళ్దము' అనుదానికి ఉత్తరాంధ్రపు రూపము. అచ్చటివారి నోట 'చూడు' అనునది 'సూడు' అగును, 'చేను' అనునది 'సేను' అగును, 'ఏమిటి' అనునది 'ఏటి' అగును, 'నేను' అనునది 'నాను' అగును. ఇక 'వస్తవ' అని చివర హ్రస్వముగా ముగియు రూపము తెలంగాణమువారికిని సొంతమే. 'పిల్లడు' అను మాట అందరికిని తెలిసినది. పార్వతీపురపు పల్లెలో పిలుచునట్లు 'గుంటడా' అని పిలిచియున్నచో గోదావరి దాటిన పిదప ఆ పిలుపు కొందరికి అర్థము కాకపోయెడిది. ఆయన తూచి వేసినారో, చెవికి తోచి వేసినారో కాని, ఆ మూడుమాటలలో తెలుగుదేశపు రెండు కొసలు కలిసినవి. పైగా అది పిలుపు మాత్రమే కాదు, ప్రశ్న. రమ్మని ఆజ్ఞాపింపదు, వచ్చెదవా అని అడుగును. పొలమునకు పోవుచు, సంతకు పోవుచు, దారిలో కనబడినవానిని ఎవ్వరైనను అడుగు ప్రశ్న. ఆ పాటలోని పయనము శ్రీకాకుళపు పోరుకొండలకు. కాని ప్రశ్న ఎంత చనువైనదనగా, పోరు ఎరుగనివాడు కూడ సరే పదమనును. పెండ్లి ఊరేగింపులలో, కళాశాలల వార్షికోత్సవములలో ఆ పాట చెల్లుబాటు అగుటకు కారణమిదే. దాని అసలు అర్థము అచ్చట మరుగుపడినదని కొందరు నొచ్చుకొందురు. ఆ నొప్పిలో న్యాయము లేకపోలేదు. అయినను నోటికి పట్టిన పాట తన అర్థమును ఎచ్చటనో ఒకచోట దాచుకొనియే ఉండును.

వాడుకభాషకై పోరాడిన గిడుగు రామమూర్తిగారు కూడ శ్రీకాకుళపు ప్రాంతము బిడ్డయే. పర్లాకిమిడిలో ఉండి సవరభాష నేర్చి, దానికి నిఘంటువు కూర్చిన మహానుభావుడాయన. ఆయన వాదము వచనమును చాలవరకు గెలుచుకొన్నది. కాని ఆయన గెలిపించినది శిష్టుల వాడుక. కూలివాని వాడుక, కొండక్రింది సేద్యగాని వాడుక సభామర్యాద పొందుటకు వంగపండువంటి పాటగాండ్రు రావలసివచ్చినది. ఈ వ్యాసము నేను వ్రాయుచున్న భాషలో ఆయన పాట ఒక్క చరణమైనను నిలువదని నాకు తెలియును. అందులకు పాఠకులు నన్ను మన్నింతురుగాక.

ఆయన ప్రదర్శనమును చూచినవారు గజ్జెలను ముందుగా తలచుకొందురు. సన్నని మనిషి, వేదిక ఎక్కగానే మాట, పాట, ఆట ఈ మూడింటికిని నడుమ గోడలు తొలగిపోవును. మాటలాడుచునే పాటలోనికి జారుదురు. పాట నడుమ ఆగి ఒక చమత్కారము విసరుదురు. జనము నవ్వు ముగియకమునుపే చరణము ఎత్తుకొందురు. వంత పాడువారు లేకున్న సభయే వంత. ఇది జముకులకథ చెప్పువాని శిల్పమే. పల్లవి చిన్నది కావలెను, ఒకమారు వినగానే పట్టుబడవలెను. చరణములో కథ ఎంత దూరము పోయినను పల్లవి దానిని ఇంటికి తీసికొని రావలెను. ధ్వనిముద్రణలో ఈ పాటలు వినువారికి సగమే దక్కును. రేడియో శ్రోతలమైన మనము దీనిని ఒప్పుకొనక తప్పదు. విశాఖపట్టణములో 1963లో ఆకాశవాణి కేంద్రము వెలసిన తరువాత ఉత్తరాంధ్రపు గొంతులకు సొంత మైకు దొరికినది. కాని గజ్జె కట్టిన కాలును మైకు పట్టలేదు కదా.

'భూమి భాగోతము' అను వీధిరూపకము ఆయన రచనలలో పేరొందినది. భూమికొరకు జరుగు పెనుగులాటను పల్లెవారు ఎరిగిన భాగోతపు పోకడలో నడిపించినారు. సినిమాలకును వ్రాసినారు. ఆర్. నారాయణమూర్తిగారి 'అర్ధరాత్రి స్వతంత్రం' 1986లో విడుదలైనప్పుడు ఆయన పాటలు చిత్రశాలల ద్వారా మరింత దూరము పోయినవి.

ఆయన పాటలన్నియు ఒకే ఎత్తు అని నేను చెప్పజాలను. నినాదము ముందుకు వచ్చి మనిషి వెనుకకు పోయినచోట పాట ఆ సభతోనే సమాప్తమైనది. అట్టివి వందలలో కొన్ని ఉండుట సహజము. నేటి సభకు రేపటి లోపల పాట కావలెననువారికి కట్టియిచ్చినవాడాయన. ఒక మరమేకు, ఒక పిలుపు, ఒక పొలముగట్టు ముందు నిలిచినచోట మాత్రము, ఆయన రాజకీయములతో పొసగనివారి ఇండ్లలో సైతము ఆ పాట చొరబడినది. ఎవరి మతమైనను, ఎవరి పక్షమైనను సరే, వంటయింటిలో కూనిరాగముగా వినబడు పాటను ఎవరు ఆపగలరు?

ఇక మొదట చెప్పిన అన్యాయమునకు వత్తును. జానపదగేయమునకు కర్త తెలియడని మన సాహిత్యచరిత్రలలో ఒక నిర్వచనము ఉన్నది. నలుగురిచేత నలిగి, తరతరములుగా మారుచు వచ్చిన పాటలకు అది సరిపోవును. కాని ఆ నిర్వచనమును వెనుకకు త్రిప్పి, జానపదపు బాణీలో ఉన్న ప్రతిపాటకును కర్త లేడనుకొనుట పొరపాటు. వేదికలమీదను, ధ్వనిముద్రికలమీదను ఇట్టి పాటలకు 'జానపదము' అని ఒక్కమాట వేసి ఊరకుండుట పరిపాటి అయినది. మరికొన్నిచోట్ల 'సేకరణ' అని ఇంకొకరి పేరు చేరును. పాట సేకరించినవాడు పండితుడగును. కట్టినవాడు 'ప్రజ' అగును. 2009లో విడుదలైన 'మగధీర' చిత్రములోని ఒక పాటలో 'ఏం పిల్లడో' పల్లవి వినిపించినప్పుడు, దానిని పాత జానపదమనుకొన్న యువశ్రోతలు ఎందరో. కోట్లమంది చెవులకు ఆ మూడుమాటలు చేరినవి. వంగపండు అను పేరు వారిలో ఎందరికి చేరినదో మీరే ఊహించుకొనవచ్చును. త్యాగరాజస్వామి తన పేరును చివరి చరణములో ముద్రగా వేసికొన్నారు. తత్త్వములు కట్టిన బైరాగులు కూడ ముద్ర మరువలేదు. జనము నోట పలుకుటకే పాట కట్టినవారికి ఆ ముద్ర అడ్డమని తోచినది కాబోలు, లేకున్న అది తమదని చెప్పుకొనుట నామోషీ అనిపించినదేమో.

జననాట్యమండలి నాళ్ళు గడచిన తరువాత ఆయన చాలవరకు తమ త్రోవ తాము చూచుకొన్నారు. ఉత్తరాంధ్రపు జానపదరూపములను పిల్లలకు, యువకులకు నేర్పుచు, పిలిచినచోటికి పోయి పాడుచు గడిపినారు. 2008లో తెనాలిలో బొల్లిముంత శివరామకృష్ణ స్మారక పురస్కారము, 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు కళారత్న ఆయనకు లభించినవి. ప్రభుత్వములను పాటలో నిలదీసిన మనిషికి ప్రభుత్వము శాలువ కప్పుట చూచి ముక్కున వ్రేలు వేసికొన్నవారు లేకపోలేదు. నాకు మాత్రము ఆ శాలువ ఆలస్యముగా వచ్చిన చిరునామాగా తోచినది. కుమార్తె ఉషగారును తండ్రి బాటలో జానపదగాయనిగా పేరు తెచ్చుకొన్నారు.

2020 ఆగస్టు 4వ తేదీ వేకువజామున పార్వతీపురములోని స్వగృహమున గుండెపోటుతో ఆయన కన్నుమూసినారు. వయసు 77 సంవత్సరములు. కోవిడ్ మహమ్మారి దేశమును ఇండ్లలో కట్టివేసిన దినములవి. మూడేండ్ల పిమ్మట, 2023 ఆగస్టు 6న, గద్దరుగారును వెళ్ళిపోయినారు. ఆయన అంతిమయాత్రకు హైదరాబాదు వీధులలో జనము వెల్లువెత్తినది. పెదబొండపల్లి పాటగానికి అట్టి ఊరేగింపునకు ఆ కాలము వీలీయలేదు.